కదలని అత్తయ్యతో పది రోజులు

మొదటి రోజు: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్

ఇంటికి తాళం వేసే ముందు మా వారు సామాను రెండుసార్లు లెక్కపెట్టారు. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, మడతపెట్టే రిఫ్లెక్టర్ (ముఖం మీదికి వెలుగు మళ్లించే తెర), ముక్కాలి పీట (మా ఇంట్లో ట్రైపాడ్‌కు అదే పేరు), ఏడేళ్ల మా అమ్మాయి, దాని కుందేలు బొమ్మ, అత్తయ్య, అత్తయ్య సంచి. కెమెరాల సంచి కంటే ఆ చివరి సంచే ఎక్కువ బరువుంది.

"అందులో ఏమున్నాయి అత్తయ్యా?"

"ఏమున్నాయమ్మా, కాస్త బియ్యం, కాస్త చింతపండు, గోంగూర పచ్చడి. ఆ ఊళ్లలో అన్నం దొరుకుతుందో లేదో!"

అత్తయ్య రాజమహేంద్రవరం నుంచి మా దగ్గరికి వచ్చి నెల రోజులైంది. నేను ఫొటోలు తీసి బతుకుతానని ఆవిడకు తెలుసు గానీ, పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. జూలైలో అమ్మాయికి బడి సెలవులు, నాకు పారిస్‌లో రెండు షూట్లు, ప్రాగ్‌లో ఒకటి. మధ్యలో ఆరు రోజులు ఖాళీ. అందరం కలిసే వెళ్దామని మా వారే అన్నారు. ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. సెలవు పెడితే నాకు రిఫ్లెక్టర్ పట్టుకునే మనిషి ఉచితంగా దొరుకుతాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కు రైల్లో నాలుగు గంటలు. సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియలేదు. ఫోనులో మోగిన సందేశమే చెప్పింది. పులిహోర పొట్లాలు మాత్రం సరిహద్దుకు ముందే అయిపోయాయి.

రెండో రోజు: పారిస్, ట్రొకడేరో

తెల్లవారుజామున అయిదుంబావుకు బయలుదేరాం. అత్తయ్యను పడుకోమన్నాను. "నువ్వు లేచాక నేనెలా పడుకుంటాను" అంటూ తలారా దువ్వుకుని, కాటన్ చీర మీద స్వెటర్ వేసుకుని సిద్ధమయ్యారు.

ట్రొకడేరో గట్టు మీద నుంచి చూస్తే ఐఫిల్ టవర్ ఎదురుగా, అడ్డం లేకుండా కనిపిస్తుంది. పారిస్‌లో ఫొటో అంటే ముందు అక్కడికే వస్తారు. ఇక్కడ ఏ నెలలో వచ్చామన్నది చూసుకోవాలి. చలికాలంలో పొద్దు దాదాపు టవర్ వెనక నుంచే పొడుస్తుంది, మనుషులు నల్లటి నీడల్లా పడతారు. జూలైలో సూర్యుడు బాగా ఎడమకు జరిగి లేస్తాడు కాబట్టి ముఖం మీద పక్కనుంచి మెత్తని వెలుగు వస్తుంది. అది అరగంటే ఉంటుంది, తరువాత బస్సులు దిగుతాయి. మేం వెళ్లేసరికే తెల్ల గౌన్లలో నలుగురు పెళ్లికూతుళ్లు, వాళ్ల వెనక గౌను తోక పట్టుకుని పరుగెత్తే మనుషులు. "ఇన్ని పెళ్లిళ్లా! ఇవాళ ఏమైనా ముహూర్తమా?" అని అత్తయ్య అడిగారు. పెళ్లిళ్లు కావు, ఫొటోలేనని చెబితే నమ్మలేదు.

మా వాళ్లు డల్లాస్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. తల్లి, తండ్రి, పదేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల పాప. నలుగురూ వచ్చి టవర్‌కు వీపు పెట్టి, వరసగా, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే మనవాళ్లంతా అలాగే నిలబడతారు. నా వృత్తి మొదలయ్యేది ఆ వరసను చెడగొట్టడంతోనే.

లైఫ్‌స్టైల్ షూట్ అంటే మనుషులు తమ మానాన తాము ఉన్నప్పుడు తీసినట్టు ఉండాలి. ఉన్నట్టే ఉండమంటే ఎవరూ ఉండలేరు. అందుకని పనులు చెబుతాను. "బాబూ, నాన్నకు తెల్ల వెంట్రుకలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు." వాడు నాన్న తల మీద పడ్డాడు, నాన్న తప్పించుకోబోయాడు, పాప నాన్న కాళ్లు పట్టుకుని ఆపింది, తల్లి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసింది అదే. తరువాత వెనక్కి తిరగకుండా నడవమంటాను, చెవిలో ఏదో చెప్పుకోమంటాను, పిల్లల్ని గాలిలోకి ఎగరేయమంటాను. గంటలో మూడువందల అరవై ఫొటోలు, వాటిలో వాళ్లకు ఇచ్చేవి యాభై.

ఇదంతా చూసి అత్తయ్య అడిగిన మాట: "అంతసేపూ వాళ్లను గెంతించావు కదా, అందులో ఫొటో ఎప్పుడు తీశావు?"

పని అయ్యాక అత్తయ్యను కూడా అక్కడే నిలబెట్టాను. "అత్తయ్యా, అలా నడుచుకుంటూ రండి, నన్ను చూడకండి, టవర్ వంక చూడండి." ఆవిడ రెండడుగులు వేసి ఆగి, కొంగు సరిచేసుకుని, రెండు చేతులూ ముందు కలిపి, నేరుగా లెన్సులోకి చూశారు. మరి కదల్లేదు. మనవరాలు కితకితలు పెట్టినా కదల్లేదు. ఆవిడ దృష్టిలో ఫొటో అంటే కదలకుండా ఉండడం. 1974లో రాజమండ్రి స్టూడియోలో పెళ్లయిన వారానికి తీయించుకున్న ఫొటో ఒకటి వాళ్లింటి హాల్లో ఉంది. వెనక తోట బొమ్మ వేసిన పరదా, ముందు కుర్చీలో మామయ్య, పక్కన ఆవిడ. నల్లగుడ్డలో తల దూర్చిన స్టూడియో ఆయన "ఊపిరి బిగబట్టండి" అన్నాడట. ఆ మాటను ఆవిడ యాభై ఏళ్లుగా పాటిస్తున్నారు.

వచ్చేటప్పుడు సీన్ నది మీది బిర్ హాకెం వంతెన దగ్గర ఆగాం. పైన మెట్రో ఆరో లైను, కింద ఇనుప స్తంభాల వరస. 1905 నాటి వంతెన. స్తంభాల మధ్య నిలబడడానికి జంటలు వంతు కోసం ఎదురు చూస్తున్నాయి. ఒక్క ఫొటో తీసుకుని బయటపడ్డాం, ఆకలి వేస్తోంది.

మూడో రోజు: చీరలు, దీపాలు, ఒక చెప్పులు తుడిపించుకునే మనిషి

ఇవాళ్టి షూట్ చీరలది. పారిస్‌లో స్థిరపడిన ఒక తెలుగు అమ్మాయి ఉప్పాడ జాందానీలు, మంగళగిరి చీరలు తెప్పించి ఇంటి నుంచే అమ్ముతోంది. తనే కట్టుకుని తనే నిలబడుతుంది. వెనక రాత్రి దీపాలతో ఐఫిల్ టవర్ ఉండాలని ఆమె కోరిక. కాదనవలసి వచ్చింది. 1889లో లేచిన టవర్ మీద ఇప్పుడు ఎవరికీ హక్కుల్లేవు, పగలు ఎలాగైనా తీసుకోవచ్చు. దాని రాత్రి దీపాలంకరణ మాత్రం వేరే కళాఖండం. 1985లో పియేర్ బిదో చేసిన దీపాల రూపకల్పన అది. గంటగంటకూ అయిదు నిమిషాలు మెరిసే ఇరవై వేల బల్బులు ఆ తరువాత వచ్చాయి. మన ఆల్బంలో పెట్టుకోవడానికి ఫరవాలేదు గానీ, ఆ వెలుగును వెనక పెట్టి సరుకు అమ్ముకోవాలంటే టవర్ నిర్వహించే సంస్థ అనుమతి కావాలి. పోనీ, పాలే రాయల్ అనే పాత రాజభవనం ముంగిట్లోని నలుపు తెలుపు చారల స్తంభాల దగ్గర తీద్దాం అందామె. అవీ దానియెల్ బురెన్ అనే కళాకారుడి పనే, 1986 నాటివి. ప్రకటనల విషయంలో ఫ్రాన్సు చట్టం ఇలాంటి వాటికి చనువు ఇవ్వదు. పారిస్‌లో వ్యాపారం కోసం ఫొటో తీసేవాడు సగం ప్లీడరు కూడా అయి ఉండాలి.

చివరికి సెయింట్ లూయీ ద్వీపం ఒడ్డుకు వెళ్లాం. పారిస్ భవనాలది లేత గోధుమ రంగు సున్నపురాయి. ఉదయం ఎండ ఒక గోడ మీద పడితే ఎదుటి గోడ నీడలో నిలబడ్డ మనిషి ముఖానికి ఆ రాయే రిఫ్లెక్టర్ అవుతుంది. మా వారికి ఆ పూట పని తప్పింది.

పని పడింది అత్తయ్యకు. ఆ అమ్మాయి బయటికి రాగానే ఆవిడ ముఖం చిట్లించి, "కుచ్చిళ్లు అలా పెడితే జాందానీ నేత ఎవరికి కనిపిస్తుంది?" అని దగ్గరికి పోయి, అందరి ముందూ కాదని ఒక వాకిలి చాటుకు తీసుకెళ్లి మళ్లీ కట్టించారు. నేను అమ్మాయిని నడిపించాను, తిప్పాను, మెట్ల మీద కూర్చోబెట్టాను, కాఫీ కప్పు చేతికిచ్చాను. నది గాలికి కొంగు ఎగిరితే అదీ తీశాను. అత్తయ్య కాసేపు చూసి, "ఒక్కసారి తిన్నగా నిలబడమను. కొంగు ఎడం చేతి మీద పరిచి పట్టుకోమను. చీర అమ్మేవాళ్లు చీర చూపించాలి కదా" అన్నారు. పెద్దావిడ మాట తీసేయలేక అలా ఒకటి తీశాను.

రాత్రికి ఆ అమ్మాయి ఎంచుకున్న ఫొటోల జాబితా పంపింది. అన్నిటికంటే పైన ఉన్నది అదే. నేను మా వారికి చెప్పాను గానీ అత్తయ్యకు చెప్పలేదు. ఆయన చెప్పేశారు.

మధ్యాహ్నం టవర్ కిందికి వెళ్లినప్పుడు మొదటి అంతస్తు అంచు చుట్టూ చెక్కిన పేర్లు చదవడం మా అమ్మాయికి ఆట అయింది. డెబ్బయి రెండు మంది ఫ్రెంచి శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల పేర్లు బంగారు రంగు అక్షరాల్లో ఉంటాయి. అందులో నా మనిషి ఒకడున్నాడు, ఫొటో తీసే విద్యకు మొదట్లో పేరు తెచ్చిన డగేర్. వాడి పేరు ముందు కనుక్కున్నవాళ్లకు ఐస్‌క్రీం అన్నాను. డబ్బు వదిలింది.

ఆ డగేర్ కోసమే సాయంత్రం అందరినీ రిపబ్లిక్ కూడలి పక్కనున్న బులవార్ ద్యు టాంపుల్ అనే వీధికి లాక్కెళ్లాను. బస్సులు, సైకిళ్లు, మందుల దుకాణం. "ఇక్కడ చూడడానికి ఏముంది?" అన్నారు మా వారు. ఏమీ లేదు. 1838లో డగేర్ తన కిటికీ నుంచి ఈ వీధిని వెండి పూత పూసిన రాగి రేకు మీద పట్టాడు. బండ్లతో, జనంతో కిటకిటలాడే వీధి, ఫొటోలో మాత్రం బొత్తిగా నిర్మానుష్యం. రేకు మీద బొమ్మ పడడానికి చాలా నిమిషాలు పట్టేది, ఆలోగా కదిలిపోయిన వాళ్లెవరూ పడలేదు. ఒక్కడు మిగిలాడు. వీధి మూల కాలు ఎత్తి పెట్టి, చెప్పులకు మెరుగు పెట్టించుకుంటూ కదలకుండా నిలబడ్డవాడు. ఫొటోలో పడిన మొదటి మనిషి వాడేనంటారు. పేరు ఎవరికీ తెలియదు. మెరుగు పెట్టే అతను చేతులు ఆడిస్తూ ఉన్నాడు కాబట్టి మసకగా మిగిలాడు.

ఫోనులో ఆ బొమ్మ చూపించి ఇదంతా చెబితే అత్తయ్య పెద్దగా ఆశ్చర్యపోలేదు. "నేను చెప్పేదీ అదే కదమ్మా" అన్నారు.

నాలుగో రోజు: షలోన్

డగేర్ దగ్గర ఆగిపోతే అన్యాయం. ఆయనకంటే ముందే ఫొటో తీసి, టవర్ మీద పేరు లేని వాడు ఒకడున్నాడు, నిసెఫోర్ నియెప్స్. ఆయన ఊరు బర్గండీలో సోన్ నది ఒడ్డున ఉన్న షలోన్. పారిస్ నుంచి డిజోన్‌లో రైలు మారి మధ్యాహ్నానికి చేరాం. పర్యాటకులు పెద్దగా రాని ఊరు. భోజనం వేళకు అన్నీ మూసేశారు. అత్తయ్య సంచి మొదటిసారి విలువ చూపించింది. బస చేసిన ఇంట్లో పొయ్యి ఉంది. అన్నం, గోంగూర పచ్చడి, పక్క దుకాణంలో కొన్న పెరుగు. ఫ్రెంచివాళ్ల భోజనం గురించి లోకమంతా చెప్పుకునేవి మాకు ఆ పూట అక్కర్లేకపోయాయి.

నది ఒడ్డునే నియెప్స్ పేరిట ప్రదర్శనశాల. ఆయన వాడిన చెక్క పెట్టెలు అక్కడ ఉన్నాయి. ఒక మూల లెన్సు, లోపల చీకటి, ఇంకేమీ లేదు. నా సంచిలోని కెమెరాకు తాత ముత్తాతలని చెప్పుకోవచ్చు. ఆ పెట్టెల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని లాగేదాకా.

నియెప్స్ పద్ధతి వంటింటి పనిలా ఉంటుంది. ఒక రకం తారును లావెండర్ నూనెలో కరిగించి లోహపు పలక మీద పలచగా పూస్తాడు. వెలుగు తగిలిన చోట తారు గట్టిపడుతుంది, తగలని చోట మెత్తగా ఉండిపోతుంది. తరువాత నూనెతో కడిగితే మెత్తనిది పోయి బొమ్మ మిగులుతుంది. అలా సెయింట్ లూ ద వారెన్ అనే పక్క ఊళ్లో తన ఇంటి మేడ కిటికీలోంచి 1827 ప్రాంతంలో తీసింది, ఇవాళ లోకంలో మిగిలిన అన్ని ఫొటోల్లోకీ పాతది. ఇంటి కప్పులు, ఒక పావురాల గూడు, ఒక చెట్టు. దానికి కనీసం ఎనిమిది గంటలు పట్టిందని లెక్క, రోజులే పట్టి ఉంటాయని అన్నవాళ్లూ ఉన్నారు. ఆ బొమ్మలో ఎడమ గోడ మీదా కుడి గోడ మీదా రెండింటి మీదా ఎండ ఉంటుంది. అంతసేపట్లో సూర్యుడు ఇటు నుంచి అటు నడిచి వెళ్లాడు మరి. వెలుగు ఎటునుంచి వస్తోందని లెక్కలు వేసుకునే నాలాంటిదానికి ఆ రెండు ఎండలు చూస్తే తల తిరుగుతుంది.

అసలు పలక ఇక్కడ లేదు. చాలా ఏళ్లు ఎక్కడుందో ఎవరికీ పట్టక, 1952లో మళ్లీ బయటపడి, చివరికి అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చేరింది. డల్లాస్ వాళ్లు మొన్న ఐఫిల్ టవర్ కోసం పారిస్ వచ్చారు. వాళ్లింటి నుంచి మూడు నాలుగు గంటల దూరంలోనే లోకంలో అన్నిటికంటే పాత ఫొటో ఉందని చెప్పడం మరిచిపోయాను.

మా వారు మాత్రం ప్రదర్శనశాలలో నాకంటే ఎక్కువ సంబరపడ్డారు. నియెప్స్, ఆయన అన్న క్లోద్ కలిసి 1807లోనే లోపల మంట మండించి నడిపే ఇంజను ఒకటి చేసి, దానితో సోన్ నదిలో పడవ నడిపారట. కార్ల కంపెనీ మనిషికి ఇంతకంటే ఏం కావాలి! ఆ సాయంత్రమంతా నది గట్టున కూర్చుని అత్తయ్యకు ఇంజను పని చేసే తీరు వివరించారు. ఆవిడ ఓపికగా విని, "మన గోదావరి ఇంతకు నాలుగింతలు ఉంటుంది కదరా" అన్నారు.

నియెప్స్ 1833లో పోయాడు. తనతో భాగస్వామిగా చేరిన డగేర్ ఆ పని ముందుకు తీసుకెళ్లి, 1839లో కీర్తినంతా తానే కట్టుకున్నాడు. నియెప్స్ ఇల్లున్న పక్క ఊరికి ఆటోలాంటిదేదైనా దొరుకుతుందేమోనని చూశాను గానీ లేదు, టాక్సీలోనే వెళ్లాం. ఇల్లు మూసి ఉంది. రోడ్డు పక్కనే ఆయన పేర నిలబెట్టిన రాతి కట్టడం ఉంది. దాని ముందు అత్తయ్య నిలబడ్డారు. ఎలా నిలబడ్డారో చెప్పనక్కర్లేదు. ఈసారి నేనూ నడవమని అడగలేదు.

అయిదో రోజు: రైళ్లు

డిజోన్, బాసెల్, ఇంటర్లాకెన్, లౌటర్‌బ్రునెన్. నాలుగు రైళ్లు, ఒక కుందేలు బొమ్మ తప్పిపోయి దొరకడం, ఒక ముక్కాలి పీట తప్పిపోయి దొరక్కపోవడం. ట్రైపాడ్‌ను సామాను అర మీద పెట్టింది నేనే, దించడం మరిచిందీ నేనే. ఫారం నింపి ఇచ్చాం. ఆ ఫారం మీద నాకు ఆశ లేదు.

ఆరు, ఏడు రోజులు: లౌటర్‌బ్రునెన్

స్విట్జర్లాండ్‌లో ఎవరి ఫొటోలూ ఒప్పుకోలేదు, ఈ రెండు రోజులూ మావే అనుకున్నాను. రెండు రోజులూ వానవే అయ్యాయి. నిలువుగా మూడువందల మీటర్ల ఎత్తు నుంచి పడే స్టావుబాఖ్ జలపాతం మా కిటికీకి ఎదురుగానే ఉందని ఇంటావిడ చెప్పింది. మాకు కింది యాభై మీటర్లు కనిపించింది, పైదంతా మబ్బులో ఉంది. కార్లు వెళ్లని మ్యూరెన్ అనే కొండ మీది ఊరికి రోప్‌వేలో, ఆపైన చిన్న రైల్లో ఎక్కాం. పైకి పోతే మబ్బు దాటుతాం అనుకుంటే మబ్బు లోపలికే వెళ్లాం. మా అమ్మాయి ఫొటో ఒకటి తీశాను, పసుపు రెయిన్‌కోటు తప్ప అందులో ఏమీ లేదు. నాకు నచ్చింది.

అత్తయ్యకు కొండలు చూడకపోయినా లోటేమీ అనిపించలేదు. "ఇవన్నీ టాకీసులో చూసినవే. హీరోయిను పలచటి చీరలో గెంతుతుంటే చలి వెయ్యదా అనుకునేదాన్ని. వేస్తుందని ఇప్పుడు తెలిసింది." మనవాళ్లు పాటలు తీసి తీసి ఈ లోయలకు ఎంత పేరు తెచ్చారంటే, హిందీ దర్శకుడు యశ్ చోప్రా విగ్రహాన్ని 2016లో ఇంటర్లాకెన్‌లో పెట్టారు.

వాన కాస్త తెరిపి ఇచ్చిన సాయంత్రం బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అనే పల్లెకు బస్సులో పోయాం. అక్కడ చిన్న చెక్క రేవు ఒకటి ఉంది. ఒక కొరియా ధారావాహికలో నాయకుడు ఆ రేవు మీద పియానో వాయిస్తాడు. అది చూసి ఆసియా నుంచి జనం రావడం మొదలై, కొన్ని వందల మంది ఉండే ఊరు ఉక్కిరిబిక్కిరై, 2023లో రేవు ముందు తిరుగుడు గేటు పెట్టారు. అయిదు ఫ్రాంకులు వేస్తేనే దారి తెరుచుకుంటుంది. లెక్కవేస్తే మనిషికి అయిదు వందల రూపాయలు, నిలబడి ఫొటో దిగడానికి. నలుగురికి ఎంతో అత్తయ్య నోటిలెక్క వేసి, "ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది కదా" అన్నారు. ఒడ్డునే నిలబడి చూసి వచ్చాం. ఊరివాళ్ల మీద నాకు కోపం రాలేదు. వాళ్ల వాకిళ్లలోకి వెళ్లి "మీరు ఉన్నట్టే ఉండండి" అనేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఎనిమిదో రోజు

జూరిక్‌లో రాత్రి ప్రాగ్ రైలెక్కాం. పడుకునే పెట్టె. పై బెర్తు కోసం మనవరాలికీ వాళ్ల నాన్నకూ తగవు. అత్తయ్య కింది బెర్తు మీద దుప్పటి పరిచి, "గోదావరి ఎక్స్‌ప్రెస్ లాగే ఉంది, టీ అమ్మేవాడే లేడు" అని నిద్రపోయారు.

తొమ్మిదో రోజు: ప్రాగ్, ఒంటిచేతి మనిషి

వ్లతావా నదికి ఎడమ ఒడ్డున ఊయెజ్ద్ అనే వీధిలో, అపార్టుమెంటు దాటి పెరట్లోకి వెళితే చెక్కతో కట్టిన చిన్న పాకలాంటి ఇల్లు కనిపిస్తుంది. చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ స్టూడియో అది. పాతది కాలిపోతే మళ్లీ అలాగే కట్టారు. సుదెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. అంతకుముందు పుస్తకాలు బైండు చేయడం నేర్చినవాడు, ఒంటి చేత్తో ఆ పని సాగదు. కెమెరా పట్టాడు. అదీ తేలికపాటిది కాదు. పెద్ద పెట్టె కెమెరా, బరువైన ముక్కాలి పీట భుజాన వేసుకుని ఈ ఊరంతా తిరిగాడు. జర్మన్లు ఊరిని ఆక్రమించుకున్న ఏళ్లలో వీధిలో కెమెరా పట్టుకోవడం కష్టమైతే, ఇదే పాకలో కూర్చుని తన కిటికీనే తీయడం మొదలుపెట్టాడు. ఆవిరి పట్టిన అద్దం, చెమ్మ చారికలు, అవతల వంకర చెట్టు. యుద్ధం అయిపోయాక కూడా ఏళ్ల తరబడి అదే కిటికీ. పదో వంతు ఊరు తిరక్కుండానే పదివేల ఫొటోలు తీసే నాకు అక్కడ కాస్త సిగ్గు వేసింది.

కిటికీ దగ్గర అత్తయ్య చాలాసేపు నిలబడ్డారు. మామయ్య పోయాక ఆవిడా రాజమండ్రిలో వీధి కిటికీ దగ్గరే కూర్చుంటారని మా వారు తరువాత చెప్పారు. నాకు తెలియదు.

పదో రోజు: వంతెన మీద

తెల్లవారకముందే బెర్లిన్ నుంచి వచ్చిన జంటతో కంపా ద్వీపంలో షూట్. ఆమెకు ఏడో నెల. ఆకుపచ్చ పట్టుచీర, రెండు చేతుల నిండా గాజులు. సీమంతానికి పుట్టింటివాళ్లు రాలేకపోయారు, ఫొటోలైనా పంపాలన్నది ఆమె ఆలోచన. అత్తయ్య సంగతి విని అప్పటికప్పుడు సంచిలోంచి పసుపు, కుంకుమ తీశారు. అవి ఆ సంచిలో ఉన్నాయని మాకే తెలియదు. నది ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, బుగ్గలకు గంధం లేక పసుపే రాసి, "సుఖంగా కను తల్లీ" అన్నారు. ఆ పిల్ల ఏడ్చేసింది. నేను ఎవరికీ ఏ పనీ చెప్పలేదు, ఎవరినీ నడవమనలేదు. వెనక్కి జరిగి తీస్తూ పోయానంతే. పన్నెండు ఫొటోలు తీశాక కెమెరా దించేశాను. ఇంకా తీస్తే బాగుండదనిపించింది.

మధ్యాహ్నం చార్లెస్ వంతెన. అయిదువందల పదహారు మీటర్ల రాతి వంతెన, రెండు పక్కలా ముప్పై విగ్రహాలు. రాజు నాలుగో చార్లెస్ 1357లో, తొమ్మిదో తేదీన, ఏడో నెలలో, ఉదయం అయిదు గంటల ముప్పై ఒకటో నిమిషాన మొదటి రాయి వేశాడని చెబుతారు. 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. అంకెలు ఎక్కి దిగేలా జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమట. ఈ ప్రయాణం మొత్తంలో అత్తయ్య తల ఊపి మెచ్చుకున్న విషయం ఇదొక్కటే. "ముహూర్తం చూసి కట్టారు కాబట్టే ఇన్నాళ్లు నిలిచింది."

జనం ఇసక వేస్తే రాలనట్టు ఉన్నారు. బొమ్మలు గీసేవాళ్లు, పాటగాళ్లు, జెండాల వెనక నడిచే గుంపులు. మబ్బు పట్టి వెలుగు చదునుగా ఉంది, ఫొటోకు పనికిరాని వేళ. అప్పుడు తోచింది. నా సంచిలో నల్ల ఫిల్టరు ఒకటి ఉంది, కెమెరాకు చలువ కళ్లద్దం లాంటిది. పది స్టాపులు, అంటే వెయ్యో వంతు వెలుగే లోపలికి వస్తుంది. అది బిగించి, లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం బాగా చిన్నది చేస్తే ఈ వెలుగులో ఒక నిమిషం పాటు షట్టరు తెరిచి ఉంచవచ్చు. డగేర్ గతిలేక చేసిన పని కావాలని చేయడమన్నమాట.

ట్రైపాడ్ బాసెల్ దారిలో పోయింది. కెమెరా చేత్తో పట్టుకుంటే నిమిషం కాదు, రెండు సెకన్లు కూడా నిలవదు. వంతెన పిట్టగోడ వెడల్పుగా ఉంది గానీ ఏటవాలు. మా వారు అత్తయ్య సంచి వంక చూశారు. కిలో సోనా మసూరి ప్యాకెట్టులో సగం మిగిలింది. దాన్ని గోడ మీద పెట్టి, మధ్యలో గుంట చేసి, కెమెరా దించి నొక్కితే ఎటూ కదలకుండా కుదురుకుంది. "బియ్యం మీద కలశం పెట్టినట్టుంది" అన్నారు అత్తయ్య.

"అత్తయ్యా, అటు వెళ్లి ఆ విగ్రహం కింద నిలబడండి. నేను చెప్పేదాకా కదలకూడదు. ఒక నిమిషం."

పది రోజుల్లో మొదటిసారి నేను ఆవిడకు కదలవద్దని చెప్పాను. ఆవిడ ముఖం చూడాలి! కొంగు సరిచేసుకుని, చేతులు కలిపి, లెన్సు వంక చూశారు. మా అమ్మాయి పరుగున వెళ్లి పక్కన నిలబడింది.

మొదటిసారి ఒక జంట ముందుకు వచ్చి సెల్ఫీ తీసుకుంటూ ఆగిపోయింది, దయ్యాల్లా పడ్డారు. రెండోసారి మా వారే అడ్డం వెళ్లి జనాన్ని ఆపబోయి తానే పడ్డారు. మూడోసారి షట్టరు తెరిచి మనసులో అంకెలు లెక్కపెట్టాను. మనుషులు వస్తున్నారు, పోతున్నారు, ఒక గుంపు ఆవిడ ముందు నుంచే దాటింది. ముప్పై. నలభై. ఒక పావురం కాళ్ల దగ్గరికి వచ్చింది. అమ్మాయి వంగి చూసింది, గెంతింది, మళ్లీ నిలబడింది. యాభై. అత్తయ్య రెప్ప వేశారో లేదో నాకు కనిపించలేదు. అరవై.

తెర మీద బొమ్మ వచ్చింది. వంతెన పొడుగునా తడి పొగలాంటిదేదో తప్ప మనిషన్నవాడు లేడు. ఆకాశం చారలు కట్టింది. విగ్రహం కింద అత్తయ్య, ముక్కుపుడకతో సహా స్పష్టంగా. కొంగు చివర మాత్రం గాలికి కరిగింది. పక్కన మా అమ్మాయి రెండు బూట్లు, వాటి పైన పసుపు రంగు మసక.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంతమంది జనం ఎక్కడికి పోయారు?"

ఎలా జరిగిందో చెప్పాను. విన్నారు. మళ్లీ చూశారు.

"బాగానే ఉంది గానీ అమ్మాయ్, ఊరెళ్లి చూపిస్తే, అంత దూరం తీసుకెళ్లి ముసలిదాన్ని ఒక్కదాన్నీ వంతెన మీద వదిలేశారనుకుంటారు. దీన్ని తిన్నగా నిలబెట్టి ఇంకొకటి తియ్యి."

అమ్మాయి భుజం మీద గట్టిగా చెయ్యి వేసి పట్టుకున్నారు. నేను బియ్యం సర్దాను.